ప్రముఖ్ సాబ్‌కు మర్యాద

సూరత్‌లోని పాండేసరలో రంగుల మిల్లుల వెనక వీధిలో ఉన్న ఆ నాలుగంతస్తుల సొసైటీలో, కనకవ్వ ఎదురుగా నిలబడి నవ్వకుండా ఉండగలిగినవాళ్ళు ఎవరూ లేరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి భర్త బక్కయ్య వెంట మరమగ్గాల పనికి సూరత్ వచ్చి ముప్పై ఐదేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులున్నాయి, షుగరుంది, ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. అయినా ఎవరి నడకనైనా, ఎవరి గొంతునైనా ఒక్కసారి చూసి వింటే చాలు, అచ్చు దింపేసేది. రేషన్ షాపు సేఠ్, సిటీ బస్సు కండక్టరు, సూది వేసే నర్సు, అందరూ ఆమె నోట్లోనే కాపురం ఉండేవాళ్ళు. వాళ్ళందరికంటే ఆమె బాగా చేసేది ఈశ్వరయ్యను.

ఈశ్వరయ్య ఆ సొసైటీకి ప్రముఖ్. అధ్యక్షుణ్ణి అక్కడ అలాగే పిలుస్తారు. పల్సానాలో ఒక మగ్గాల కార్ఖానాలో ఇరవై ఏళ్ళు మేస్త్రీగా చేసి మానేసిన మనిషి. కింద మెట్ల పక్కనున్న చిన్న గదిని ఆఫీసు చేసుకుని, బయట గోడకు నల్లబల్ల కొట్టించి, రోజూ పొద్దున ఎనిమిదింటికి దాని మీద సుద్దముక్కతో హుకుములు రాసేవాడు. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ‘మెట్ల మీద గుంపుగా కూర్చోరాదు.’ ‘ఇంటికి ఎవరు వచ్చినా ప్రముఖ్‌కు తెలియజేయాలి.’ ‘ఫిర్యాదులు రాతపూర్వకంగా మాత్రమే స్వీకరించబడును.’ రాశాక రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక కట్టుకుని, మెడ ఒక పక్కకు వంచి, తన రాత తానే చదువుకుని, ‘ఊఁ’ అని గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఆ శనివారం మధ్యాహ్నం మూడో అంతస్తు మెట్ల మీద పదిమంది ఆడవాళ్ళు, గుంపుగానే, కూర్చుని చీరలకు తళుకు రాళ్ళు అంటిస్తున్నారు. పని విసుగనిపించి ఎవరో ‘అవ్వా, ప్రముఖ్‌ను చెయ్యవా’ అన్నారు. అడగడమే ఆలస్యం. కనకవ్వ కొంగు నడుముకు చుట్టి, చేతులు వెనక కట్టి, మెడ వంచింది.

“సూచన! ఇయ్యాల్టి సంది సొసైటీల దోమలు ప్రముఖ్ పర్మిషన్ లేకుంట కుట్టరాదు. కుట్టదలచిన దోమలు రాసియ్యాలె. ఊఁ!”

మెట్లన్నీ నవ్వుతో దద్దరిల్లాయి. అందరికంటే ఎక్కువ నవ్వింది వెంకటలక్ష్మి. ఆమె ఈశ్వరయ్య భార్య. కళ్ళు తుడుచుకుంటూ, “మెడ జర ఎడమదిక్కు వంచాలె కనకా. కుడిదిక్కు వంచితె మా ఆయన గాడు,” అని దిద్దింది కూడా.

సరిగ్గా అప్పుడే నాలుగో అంతస్తులో జ్వరపడ్డవాళ్ళను చూడడానికి పాస్టరు వరప్రసాద్ మెట్లెక్కి వస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. కాకినాడ వైపు నుంచి ఎనిమిది నెలల క్రితమే సూరత్ తెలుగు సంఘానికి వచ్చాడు. ఎడమవైపు వంగిన మెడతో రెండోసారి ‘ఊఁ’ వినేసరికి ఆయనకు నవ్వు ఆగలేదు. రెయిలింగు పట్టుకుని, బైబిలు చంకలో బిగించి, పొట్ట నొప్పి పుట్టేదాకా నవ్వాడు.

మర్నాడు ఆదివారం. అద్దె హాల్లో ఫ్యాన్ల కింద జనం కిక్కిరిసి కూర్చున్నారు. పాస్టరు పై అధికారులను గౌరవించడం గురించి ప్రసంగించాడు. దేశాన్ని ఏలేవాళ్ళు, ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళు, మనకు పని ఇచ్చేవాళ్ళు, ఆఖరికి వీధిలో చిన్న పెత్తనం ఉన్నవాళ్ళను కూడా క్రీస్తు బిడ్డలు గౌరవించాలని, వాళ్ళ కోసం ప్రార్థన చేయాలని చెప్పాడు. “వెనక చేరి నవ్వడం మనకు తగదు,” అన్నప్పుడు ఆయన చూపు ఆడవాళ్ళ వైపు మూడో వరసలోకి వచ్చి, అక్కడ ఉండలేక పైకి ఫ్యాను మీదికి వెళ్ళిపోయింది.

మూడో వరసలో కనకవ్వ ఉంది.

ఆరాధన అయ్యాక ఆమె నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది. “అయ్యగారూ, నిన్న మా మెట్ల మీద ఎవలో రెయిలింగు వట్టుకొని నవ్విండ్రట గదా. ఎవలో మీకు ఎరుకనా?”

పాస్టరు చెవులు ఎర్రబడ్డాయి. “నేనేనండి కనకవ్వగారూ. ఇంటికెళ్ళాక మనసు ఒప్పలేదు. ఈ మాటలు ముందు నాకు నేను చెప్పుకున్నాను. తర్వాతే మీకు చెప్పాను.”

దబాయిస్తాడనుకుంటే ఒప్పేసుకున్నాడు. కనకవ్వ తయారు చేసుకుని వచ్చిన మిగతా మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అయినా వదల్లేదు. “మరి ఆయన చేసేది తప్పయితె? తప్పుకు గూడ దండం వెట్టాల్నా?”

“దండం పెట్టమని కాదండి. తప్పుంటే ఆయన దగ్గరికెళ్ళి, ఆయన ముఖం చూసి, మర్యాదగా చెప్పండి. మెట్ల మీద కాదు.”

“మర్యాద అంటె ఎంత మర్యాద?”

“ఎంతైనా పర్లేదండి. మర్యాద ఎక్కువైందని ఎవరైనా బాధపడతారా?”

అక్కడే పాస్టరు పొరపాటు పడ్డాడు.

కనకవ్వ భక్తి దొంగ భక్తి కాదు. తొమ్మిదేళ్ళ క్రితం టైఫాయిడ్‌తో పడి ఉంటే సంఘం ఆడవాళ్ళు వంతులేసుకుని గంజి పోశారు. అప్పటి నుంచి ఒక్క ఆదివారం కూడా ఆమె చర్చి మానలేదు. దేవుని మాట వినాలని ఆమెకు నిజంగానే ఉంది. కాకపోతే ఆ వినడంలో కాస్త సరదా దొరికితే కాదనే మనిషి కాదు.

సోమవారం పొద్దున ఈశ్వరయ్య వాటర్ వాల్వు చూడ్డానికి మెట్లెక్కుతుంటే పైనుంచి కేక వినిపించింది. “లేవుండ్రి, లేవుండ్రి! ప్రముఖ్ సాబ్ వస్తున్నడు!”

చీరలు ఒళ్ళోంచి జారుతుంటే, వేళ్ళకు రాళ్ళు అంటుకుని ఉండగానే పదిమంది ఆడవాళ్ళు లేచి గోడకు ఆనుకుని నిలబడ్డారు. కనకవ్వ చేతులు జోడించింది. ఈశ్వరయ్య ఉలిక్కిపడి, ఎవరో పెద్దమనిషి తన వెనక వస్తున్నాడేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. గోడ పక్కగా నడిచి, వాల్వు సంగతి మర్చిపోయి, దిగి వెళ్ళిపోయాడు. దిగేటప్పుడూ లేచారు.

మంగళవారం కనకవ్వ ఆఫీసు గదికి ఏడుసార్లు వెళ్ళింది.

“సాబ్, మా ఇంటికి పాలాయన వచ్చిండు. చెప్పమన్నరు గదా, చెప్తున్న.” పది నిమిషాలకు మళ్ళీ. “సాబ్, పాలాయన వోయిండు.” పదకొండింటికి కరెంటు మీటరు చూసేవాడు. పన్నెండింటికి ఎదురింటి పిల్లి. కాని అది తలుపు దాటి లోపలికి రాలేదు కాబట్టి చెప్పాలో వద్దో అడిగి పోదామని వచ్చింది. మూడింటికి, “సాబ్, ఊరి నుంచి మా ఆడిబిడ్డ ఫోన్ల మాట్లాడింది. ఫోన్ల వస్తె వచ్చినట్టా, రానట్టా?”

ఈశ్వరయ్య కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “ఏందే కనకమ్మా, నాతోని పరాష్కం ఆడుతున్నవా?”

“ఎంత మాట సాబ్! మీరు రాసిండ్రు, నేను చేస్తున్న.”

“జర ఆ సాబ్ అనుడు బంద్ చెయ్యి. ఇన్నొద్దులు అన్నా అంటుంటివి గదా.”

“అన్న అంటె ఇంటోడు. మీరు పైవాళ్ళు సాబ్.”

ఇంటికి వస్తే బక్కయ్య అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. మగ్గాల పని మానేశాక బట్టల మార్కెట్లో వాచ్‌మన్‌గా చేస్తున్నాడు. రోజుకు నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు వాటన్నిటినీ ఒకేసారి ఖర్చుపెట్టాడు. “నువ్వు తిట్టినప్పుడే మంచిగుండె. నీ మర్యాద జూస్తె నాకే భయమైతంది.”

బుధవారం పొద్దున కనకవ్వ అసలు పనికి దిగింది. తప్పుంటే ముఖం చూసి చెప్పమన్నాడు గదా పాస్టరు. తప్పు ఉండనే ఉంది. మూడు నెలలుగా సొసైటీలో నీళ్ళు అరగంటకు మించి రావడం లేదు. నాలుగో అంతస్తుకు ఆ అరగంట కూడా దారంలాగానే వస్తున్నాయి. ఎందుకని అడిగితే జవాబు లేదు. వాల్వు తాళంచెవి ఈశ్వరయ్య మొలతాడుకే ఉంటుంది. ఆయనే తిప్పుతాడు, ఆయనే మూస్తాడు.

“సాబ్, ఫిర్యాదు ఉన్నది.”

“రాసి తీస్కరా.”

“నాకు సంతకం తప్ప రాసుడు రాదు సాబ్. సొసైటీల మంచి రాత ఎవలిదని అడిగితె అందరు మీ పేరే చెప్పిండ్రు.”

ఆ మాట ఈశ్వరయ్యకు నచ్చింది. సొరుగులోంచి తెల్లకాగితం తీసి, స్కేలుతో మార్జిన్ కొట్టి, పెన్ను విదిలించాడు. “చెప్పు. ఎవల మీద?”

“మీ మీద సాబ్.”

పెన్ను గాల్లో ఆగింది. కనకవ్వ స్టూలు మీద ఒద్దికగా కూర్చుని, కొంగు భుజాల నిండా కప్పుకుని మొదలుపెట్టింది. “రాయుండ్రి. ‘మహా గౌరవనీయులు, సొసైటీకి పెద్దదిక్కు, శ్రీ ప్రముఖ్ ఈశ్వరయ్య సాబ్ గారి దయగల సన్నిధికి, నాలుగో అంతస్తు కనకవ్వ వెయ్యి నమస్కారాలు చేసి...’”

“వెయ్యి ఎందుకే? ఉత్త నమస్కారం చాలు.”

“రాసేటాయన మధ్యల మాట్లాడుతడా సాబ్?”

ఈశ్వరయ్య వెయ్యి రాశాడు. హిందీలోనే, గుండ్రటి అక్షరాలతో.

“‘మూడు నెల్ల సంది మాకు నీళ్ళు అర్ధగంటే వస్తున్నయి. ప్రముఖ్ సాబ్ తాళంచెవి మొలతాడుకు కట్టుకొని, దవాఖానల మందు వోసినట్టు నీళ్ళు వోస్తున్నడు. ఆయన మంచోడే గని...’”

“మంచోడే అని గూడ రాయాల్నా?”

“రాయుండ్రి. అది అబద్ధం గాదు గదా.”

ఆ ఒక్క మాట ఆయన కొంచెం పెద్ద అక్షరాలతో రాశాడు.

“‘...గని ట్యాంకు ఎందుకు నిండుతలేదో ఎవ్వలకు చెప్తలేడు. అడిగితె బోర్డు మీద ఇంకో హుకుం రాస్తున్నడు.’”

పెన్ను మళ్ళీ ఆగింది. ఈసారి కదల్లేదు. కనకవ్వ తల ఎత్తి చూసింది. ఆయనకు కోపం వచ్చిందనుకుంది. రాలేదు. ఆయన లేచి, బీరువాలోంచి ఒక ఆకుపచ్చ ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు. అందులో అన్నీ ఒకేలాంటి ఉత్తరాలు. ఒక్కొక్కటీ స్కేలుతో మార్జిన్ కొట్టినవే.

“మేడ మీది ట్యాంకు పగిలింది కనకమ్మా. సగం కంటె ఎక్కువ నిండితె గోడ ఊడి మీ ఇండ్ల మీదనే పడ్తది. అందుకే మూస్తున్న. ఇండ్లు కట్టిచ్చిన సర్కారు ఆఫీసుకు మూడు నెల్ల సంది తిరుగుతున్న. పదకొండు సార్లు వోయిన.”

“ఏమన్నరు?”

“ఏమంటరు? నేను అడిగితె గదా. ఆడికి వోయి నిలబడంగనే గొంతు ఎండుకపోతది. గుజరాతీ సక్కగ రాదు, హిందీ అయినా రాసుడే వస్తది, మాట్లాడుడు రాదు. కాగితం ఇస్త. పెట్టిపో అంటరు. పెట్టి వస్త.”

“మరి మాకెందుకు చెప్పకపోతివి?” సాబ్ అనడం ఆమె మర్చిపోయింది.

“చెప్తె? ప్రముఖ్ మాట ఆఫీసుల చెల్లుతలేదట అని మెట్ల మీద నవ్వరా?”

కనకవ్వ ఫైలులోని ఉత్తరాలను ఒక్కొక్కటే తిప్పింది. ఈశ్వరయ్య ఫిర్యాదు అందినట్టు ముద్ర కొట్టి, తారీఖు వేసి, ఆమె చేత సంతకం పెట్టించి, తన మీద తానే రాసిన ఆ కాగితాన్ని ఫైలులో అన్నిటికంటే పైన పెట్టాడు. రూలు రూలే గదా.

ఆ మధ్యాహ్నం కనకవ్వ ఇంట్లో ఆడవాళ్ళ కూడిక. ప్రముఖ్ కోసం చేయాలని ఆదివారం నుంచి ఆమె ఒక ప్రార్థన తయారు చేసి పెట్టుకుంది. తలుపు తెరిచి ఉంచి, ఆయన మెట్లెక్కే వేళకు, సరిగ్గా వినపడేలా. అందులో ఆయన మెడకు, దగ్గుకు, సుద్దముక్కకు వేర్వేరుగా దేవుని కృప అడిగింది కూడా. ఇప్పుడు ఆ మాటలు నోటికి రాలేదు.

ఈశ్వరయ్య చెప్పిన సంగతి ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. కానీ దేని కోసం ప్రార్థించాలో తెలియకుండా పదిమంది కళ్ళెట్లా మూసుకుంటారు? ప్రార్థన కోసమే కదా అని మొత్తం చెప్పేసింది. టీ కోసం వచ్చి కూర్చున్న వెంకటలక్ష్మి గ్లాసు కింద పెట్టేసింది. “పదకొండు సార్లా? నాకు గూడ చెప్పలే. సామాన్లు తేను పోతున్న అని చెప్పి పోతుండె,” అంది. ఆమె ముఖంలో నవ్వన్నది లేదు.

కనకవ్వ కళ్ళు మూసుకుంది. “ప్రభువా, మా ప్రముఖ్‌కు గొంతు ఇయ్యి. బోర్డు మీద ఉన్న ధైర్యం జర నోట్లకు రానియ్యి. ఒక్కడే మోస్తున్న బరువు మాకు గూడ తలా ఇంత పంచు. హుకుములు మాత్రం జర తగ్గియ్యి తండ్రీ, రోజుకొక్కటి చాలు. ఇగ నా నోరు. దాన్ని సగం కట్టెయ్యి. మొత్తం కట్టేస్తె అన్నం దినలేను.”

“ఆమెన్” అనే లోపల మెట్ల మీద ఎవరో గొంతు సవరించుకోవడం, ఆ తర్వాత అడుగులు గబగబా దిగిపోవడం అందరికీ వినిపించాయి.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఈశ్వరయ్య ఫైలు చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి, పండగ చీరలు కట్టుకుని పదకొండు మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పదకొండో మనిషి ఆయన భార్య.

“ఎటు పోతున్నరు?”

“మీ వెనక సాబ్,” అంది కనకవ్వ.

“వద్దు. గుంపు గూడొద్దని రాసిన గదా.”

“మెట్ల మీద అని రాసిండ్రు. ఆఫీసుల అని రాయలే.”

ఆయనకు రాతను కాదనే అలవాటు లేదు. మూడు ఆటోల్లో వెళ్ళారు.

ఆఫీసు వరండాలో జనం బెంచీల మీద, మెట్ల మీద, గోడల పొడవునా ఉన్నారు. ఈశ్వరయ్య అలవాటుగా ఒక మూలకు వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్ళు పదకొండు మందీ ఆయన చుట్టూ నిలబడ్డారు. బెంచీ ఖాళీ అయింది. ప్యూను వచ్చి కూర్చోమన్నాడు.

“ప్రముఖ్ సాబ్ నిలబడితే మేమెట్లా కూర్చుంటాం భయ్యా?” అంది కనకవ్వ హిందీలో, వరండా అంతా వినపడేలా.

ప్యూను ఈశ్వరయ్యను కింద నుంచి పైకి చూశాడు. పదకొండుసార్లు వచ్చినా ఆ మనిషిని ఆయన ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. ఎందుకైనా మంచిదని లోపలికి వెళ్ళి చేతుల కుర్చీ తెచ్చి వేశాడు. ఈశ్వరయ్య దాని అంచున కూర్చున్నాడు. వెంకటలక్ష్మి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి రెండు చేతులా అందించింది. ఆయన దగ్గాడు, ఆడవాళ్ళు ఒక అడుగు దగ్గరికి వచ్చారు. ఆయన లేచాడు, అప్పుడే బెంచీల మీద కూర్చున్న వేరే ఊళ్ళవాళ్ళు కూడా, ఎవరు వచ్చారో తెలియకపోయినా, ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. కాసేపటికి వరండా అంతా నిలబడి ఉంది.

ఆ సద్దుకు లోపలి గది తలుపు తెరుచుకుంది. నడివయసు ఇంజినీరు మేడం, చేతిలో సగం తిన్న అప్పడంలాంటి ఖాఖ్రా రొట్టె, బయటికి తొంగి చూసింది. “కౌన్ ఆయా హై?”

“ప్రముఖ్ సాబ్,” అంది కనకవ్వ, చేత్తో దారి చూపిస్తూ.

మేడం ఖాఖ్రా పక్కన పెట్టి ఆయన్ను లోపలికి పిలిచింది. కనకవ్వ కూడా వెంట వెళ్ళింది. కుర్చీలో కూర్చున్న ఈశ్వరయ్య నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. నుదుటి మీద చెమట పట్టింది. కనకవ్వకు మొత్తం వచ్చు. ట్యాంకు ఎప్పుడు పగిలిందో, ఎన్ని ఇళ్ళున్నాయో, అన్నీ ఆయన గొంతుతోనే గడగడా చెప్పేయగలదు. నాలుక కొస దాకా వచ్చింది. కానీ ఆ కుర్చీ ఆయనది. పళ్ళు లేని చిగుళ్ళు గట్టిగా బిగించి ఊరుకుంది. తన జీవితంలో అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేసి ఎరగదు. చివరికి వంగి మెల్లగా ఒక్క మాట అంది. “అన్నా, బోర్డు మీద రాసినట్టే చెప్పు.”

ఈశ్వరయ్య ఎదురుగా ఉన్న ఖాళీ గోడ వైపు చూశాడు. మెడ కాస్త ఎడమకు వంగింది.

“సూచన,” అన్నాడు హిందీలో. గొంతు గరగరలాడింది కానీ వచ్చింది. “నంబరు ఒకటి. ట్యాంకు మూడు నెలల క్రితం పగిలినది. నంబరు రెండు. సగానికి మించి నింపరాదు. నంబరు మూడు. అరవై నాలుగు ఇళ్ళు కలవు.” ఐదో నంబరుకు వచ్చేసరికి ఆయన గొంతు మామూలైపోయింది. ఏడో నంబరుకు బల్ల మీద వేలితో కొట్టి మరీ చెబుతున్నాడు.

మేడం ఫైలు తిప్పింది. “ఇవన్నీ మీరు రాసినవే. మరమ్మతు ముందు వరసలోకి రావాలంటే ఇళ్ళల్లో ఉండేవాళ్ళ ఫిర్యాదు ఒక్కటైనా ఉండాలి. మీకెవరూ చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. ఈయనా అడగలేదు.

“ఉంది మేడం. అన్నిటికంటే పైనుంది,” అంది కనకవ్వ.

మేడం ఆ కాగితం చదవడం మొదలుపెట్టింది. వెయ్యి నమస్కారాల దగ్గర ఆమె కనుబొమలు లేచాయి. దవాఖానలో మందు పోసే దగ్గర పెదవి వణికింది. పెద్ద అక్షరాల ‘మంచోడే’ దగ్గరికి వచ్చేసరికి ఆగలేక నవ్వేసింది. “ఇది మీ మీదే కదా? రాసింది ఎవరు?”

“నేనే,” అన్నాడు ఈశ్వరయ్య. “ఆమెకు రాసుడు రాదు.”

మేడం పెన్ను తీసి, శనివారం తానే వచ్చి ట్యాంకు చూస్తానని ఫైలు మీద రాసింది. అన్నట్టుగానే వచ్చింది. రెండు వారాలకు మనుషులు వచ్చి పాతదాన్ని పగలగొట్టి, కొత్త ట్యాంకును తాళ్ళతో మేడ మీదికి లాగారు. నాలుగో అంతస్తుకు పొద్దున గంట, సాయంత్రం గంట నీళ్ళు రావడం మొదలైంది.

కొత్త ట్యాంకు పెట్టాక వచ్చిన ఆదివారం చర్చి అయ్యాక పాస్టరు ఆమెను ఆపాడు. సంగతంతా ఆయన చెవిన పడింది. “మర్యాద ఎక్కువైనా బాధపడేవాళ్ళుంటారని నాకిప్పుడు తెలిసిందండి,” అన్నాడు.

“జర మీరే కొలత చెప్తె బాగుండు అయ్యగారూ.”

“కొలత సంగతి పక్కన పెట్టండి. ఆయన తప్పు ఆయన ముఖం మీద చెప్పారు. మీది?”

“నాదేంది?”

“నేనైతే నిన్న వెళ్ళి చెప్పేశానండి. మెట్ల మీద నవ్వినందుకు క్షమించమని అడిగాను. ఎవరి నకలు చూసి నవ్వానో మాత్రం చెప్పలేదు.”

ఈ పిల్ల పాస్టరుతో వేగడం కష్టమని కనకవ్వకు అనిపించింది. రెండు రోజులు తప్పించుకుని తిరిగింది. మూడో రోజు పల్లీలు, నువ్వులు ఎక్కువ వేసి సర్వపిండి కాల్చి, పళ్ళెంలో పెట్టుకుని, ఆఫీసు గదికి వెళ్ళింది.

“అన్నా, ఒక మాట. ముఖం మీదనే చెప్తున్న. ఇన్నేండ్లు మెట్ల మీద నీ నకలు చేసిన. పదిమందిని నవ్విచ్చిన. నువ్వు దాపెట్టుకున్న బాధల నా పాలు గూడ ఉన్నది. తప్పయింది.”

ఈశ్వరయ్య రిజిస్టరులోంచి తలెత్తలేదు. “ఎరుకే.”

“ఎరుకనా? ఎట్ల?”

“లక్ష్మి ఇంటికొచ్చి మొత్తం చేసి సూపిస్తది. దోమలది గూడ సూపిచ్చింది.” ఆయన పెన్ను మూత పెట్టాడు. “మెడ లక్ష్మి నీకంటె మంచిగ వంచుతది.”

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఈశ్వరయ్య నవ్వితే ఎలా ఉంటుందో ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. భుజాలు కదులుతాయి గానీ శబ్దం రాదు.

“నేను మీ దేవునోన్ని గాదు గని,” అన్నాడు కాసేపటికి, పళ్ళెం తన వైపు లాక్కుంటూ, “మీ ప్రార్థనల నా పేరు ఉండనియ్యి. గొంతు వచ్చింది గదా. కాకపోతె దర్వాజ మూసి చెయ్యుండ్రి. హుకుములు తగ్గియ్యమని దేవునికే ఫిర్యాదు చేసుడు మంచిగ లేదు.”

“మరి రోజుకొక్కటే రాస్తవా?”

ఈశ్వరయ్య సర్వపిండి ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

“రెండు,” అన్నాడు.

“ఒకటిన్నర.”

“సగం హుకుం ఎట్ల రాస్తరే?”

ఆ సంగతి తేలేలోపే పైనుంచి కేకలు వినిపించాయి. నాలుగో అంతస్తులో బక్కయ్య గంట నుంచి స్నానాల గదిలోంచి బయటికి రావడం లేదట. బకెట్టు మీద బకెట్టు పోసుకుంటూ, ఎప్పుడూ లేనిది, పాట కూడా పాడుతున్నాడట. ఎదురింటివాళ్ళు ఫిర్యాదు చేస్తామంటున్నారు. ఈశ్వరయ్య చెయ్యి తుడుచుకుని, కొత్త కాగితం తీసి, స్కేలు కోసం వెతకడం మొదలుపెట్టాడు. కనకవ్వ కొంగు దోపుకుని, మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి మెట్లెక్కింది.